నీటి తాబేలుకు ఎండ చూపించడం ఎలా? చంద్రాపూర్, బల్లార్షా ఎండలకు తగిన పద్ధతి

"అక్కా, మా తాబేలు తిండి మానేసింది, చిప్ప మెత్తబడింది" అని మహారాష్ట్రలోని బల్లార్షా, చంద్రాపూర్‌లోని మన తెలుగువాళ్ల ఇళ్ల నుంచి నాకు ఫోన్లు వస్తూనే ఉంటాయి. నేను ముందు అడిగేది ఒక్కటే. నీళ్లలోంచి పూర్తిగా పైకొచ్చి ఒళ్లు ఆరబెట్టుకోవడానికి దానికి చోటుందా? చాలా ఇళ్లలో ఉండదు. ఒక గాజు గిన్నె, అడుగున రంగురాళ్లు, పక్కన ప్లాస్టిక్ కొబ్బరిచెట్టు. ఇది చాలని దుకాణంలో చెప్పి పంపుతారు.

చాలదు. తాబేలు తన ఒంటి వేడిని మనలాగా తానే పుట్టించుకోలేదు. వెచ్చగా కాగితేనే తిన్నది అరుగుతుంది. చిప్ప రోజూ పూర్తిగా ఆరితేనే ఫంగస్ దూరంగా ఉంటుంది. ఎండలోని యూవీబీ కిరణాలు (కంటికి కనిపించని ఒక రకం అతినీలలోహిత కిరణాలు) ఒంటికి తగిలితే విటమిన్ డి3 తయారవుతుంది, అది ఉంటేనే తిండిలోని కాల్షియం చిప్పకూ ఎముకలకూ పడుతుంది. ఎండ చూపించకుండా కాల్షియం చుక్కలు ఎన్ని పోసినా వృథాయే.

నేను చెప్పేదంతా దుకాణాల్లో అమ్మే ఎర్రచెవుల తాబేలు గురించి, అంటే రెడ్ ఇయర్డ్ స్లైడర్. అది అమెరికాలోని మిసిసిపీ నదీ ప్రాంతానికి చెందినది. పిల్లలు ఇరై నది దగ్గరో వాగులోనో పట్టుకొచ్చిన తాబేలైతే ఇంట్లో ఉంచకండి. మన నదుల తాబేళ్లకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది, అటవీ శాఖవాళ్లకు అప్పగించండి. అలాగే పెంచలేక విసుగొచ్చిందని స్లైడర్‌ను చెరువులో వదలకండి. అక్కడి మన తాబేళ్ల తిండికీ చోటుకీ అది పోటీకి వస్తుంది.

1. అరుగు కట్టండి

తొట్టిలో ఒక పక్క నీటిమట్టం కంటే పైకి వచ్చేలా బండ పెట్టండి. షాబాద్ బండ ముక్క గరుకు వైపు పైకి ఉంచితే సరిపోతుంది. ఎక్కడానికి ఏటవాలు ఉండాలి, తాబేలు ఎక్కితే కదలకూడదు, కడుపు కింద కూడా తడి తగలకూడదు. థర్మాకోల్ మాత్రం వద్దు, కొరికి మింగేస్తుంది.

2. బల్బులు

రెండు కావాలి. ఒకటి వేడికి, ఒకటి యూవీబీకి. వేడికి మామూలు హాలోజన్ చాలు. ఇంట్లో వాడే ఎల్ఈడీ బల్బుతో వేడీ రాదు, యూవీబీ కూడా రాదు. అరుగు మీద, తాబేలు వీపు ఎత్తులో థర్మామీటర్ పెట్టి చూస్తే 32 నుంచి 35 డిగ్రీలు ఉండాలి. నీళ్లు 24 నుంచి 27 డిగ్రీలు. యూవీబీ బల్బు వెలుగుతున్నా ఏడాది తిరిగేసరికి అందులో సత్తువ తగ్గుతుంది, మార్చేయండి. పగలు 10–12 గంటలు వేసి రాత్రి ఆర్పేయండి. బల్బు నీళ్లలో పడకుండా గట్టిగా బిగించండి.

ఇంకోటి, మన ఇళ్లలో మార్చి నుంచి కూలర్ ఆగదు కదా. ఆ చల్లగాలి నేరుగా అరుగు మీదికి కొడితే తాబేలుకు ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది. తొట్టిని కూలర్‌కు ఎదురుగా పెట్టకండి.

3. అసలు ఎండ

తాబేళ్లు చచ్చిపోయేది ఇక్కడే, అందుకే ఈ భాగాన్ని నిదానంగా చదవండి.

బల్బు ఎంత ఖరీదైనదైనా వారానికి మూడుసార్లు అసలు ఎండ తగలాల్సిందే. వానాకాలంలో మబ్బు వల్ల కుదరకపోతే అది వేరే సంగతి. కొందరు "కిటికీ దగ్గర పెట్టాం, ఎండ పడుతోంది" అంటారు. కిటికీ అద్దం యూవీబీని దాదాపు మొత్తం ఆపేస్తుంది, వేడిని మాత్రం లోపలికి పంపుతుంది. గాజు తొట్టిని తీసుకెళ్లి డాబా మీద పెట్టడం అంతకంటే ఘోరం. మన దగ్గర మే నెలలో 45 డిగ్రీలు దాటుతుంది. ఆ ఎండలో కొద్ది నీళ్లున్న తొట్టి నిమిషాల్లో కాగిపోతుంది, పారిపోవడానికి తాబేలుకు దారి ఉండదు.

నా పద్ధతి ఇది. లేత రంగు వెడల్పాటి టబ్బు తీసుకోండి. నల్ల టబ్బు వద్దు, ఎండకు మండిపోతుంది. తాబేలు పూర్తిగా మునిగేంత నీళ్లు పోసి, మధ్యలో పొడిగా ఉండే ఒక రాయి పెట్టండి. టబ్బులో సగభాగం మీద చెక్క అడ్డం పెట్టి, దాని మీద తడిపిన గోనెసంచి పరవండి. ఎండ, నీడ, నీళ్లు మూడూ అందుబాటులో ఉండాలి, ఎక్కడ ఉండాలో తాబేలే తేల్చుకోవాలి. దాన్ని చేత్తో పట్టుకుని ఎండలో కూర్చోబెట్టడం, నీళ్లు లేని పళ్లెంలో వదలడం నేను ఒప్పుకోను.

డాబా గచ్చు మీద టబ్బును నేరుగా పెట్టకండి, కింద చెక్క వేయండి. ఏప్రిల్, మేలలో పొద్దున ఏడున్నర నుంచి ఎనిమిదిన్నర మధ్య 20 నిమిషాలు చాలు. చలికాలంలో పది తర్వాత అరగంట. పొద్దు జరిగేకొద్దీ నీడ కూడా జరుగుతుంది. ఇందాక నీడ ఉన్న చోట ఇప్పుడు ఎండ ఉంటుంది, కాబట్టి గోనెసంచిని చూసుకుంటూ ఉండాలి. నీళ్లలో థర్మామీటర్ ఉంచండి, 30 దాటితే లోపలికి తెచ్చేయండి. పైన వల కప్పండి, కాకులు, పిల్లులు తాబేలును వదలవు. ఫోన్ మోగిందని కిందికి దిగకండి. దిగాల్సి వస్తే టబ్బును కూడా లోపల పెట్టి వెళ్లండి.

నోరు తెరిచి ఉంచడం, నురగ రావడం, పిచ్చిగా గోడలెక్కబోవడం కనబడితే వడదెబ్బ అన్నమాట. వెంటనే నీడలోకి తెచ్చి మామూలు నీళ్లలో ఉంచండి, తల మునగనివ్వకండి. ఫ్రిజ్ నీళ్లు, ఐసు వద్దు.

4. రోజూ చూడాల్సినవి

రోజంతా అరుగు దిగకపోతే నీళ్లు మరీ చల్లగా ఉన్నాయేమో చూడండి. అసలు ఎక్కకపోతే బండ కదులుతోందో, బల్బు మరీ వేడిగా ఉందో, పక్కన టీవీ చప్పుడు ఎక్కువో. చిప్ప మీద పలుచని పొరలు ఊడితే భయం లేదు, పెరిగేటప్పుడు అలాగే ఊడతాయి, మీరు మాత్రం గిల్లకండి. మెరవాలని కొబ్బరినూనె రాసేవాళ్లున్నారు, ఆ పని మానండి, చిప్ప సరిగా ఆరదు. కాల్షియం కోసం నీళ్లలో సముద్రపు నురుగు ముక్క (కటిల్‌బోన్, అంటే కటిల్ చేప ఎముక) వేస్తే కొరుక్కుంటుంది.

తాబేలును, దాని నీళ్లను ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగాలి, పిల్లల చేత కూడా కడిగించాలి. సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా ఆరోగ్యంగా కనిపించే తాబేలు మీద కూడా ఉంటుంది.

ముక్కులోంచి బుడగలు, ఒక పక్కకు ఒరిగి ఈదడం, కళ్లు వాచి మూసుకుపోవడం, చిప్ప మెత్తబడటం కనిపిస్తే ఎండతో నయం చేద్దామని ఆగకండి. ఆ రోజే పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. తీసుకెళ్లేటప్పుడు నీళ్ల బకెట్‌లో వద్దు, నీరసంగా ఉన్న తాబేలు అందులో మునిగిపోతుంది. మూతకు చిల్లులున్న డబ్బాలో తడి తువ్వాలు పరిచి, దాని మీద ఉంచండి.