ఉరుముల వానను గమనించి రాసుకునే ముందు జాగ్రత్తలు

ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం దాటాక పట్టే మబ్బుల కోసం ఇవి.

• చోటు ముందే ఖాయం చేసుకోండి: పక్కా ఇల్లు, లేదంటే అద్దాలు ఎత్తిన కారు. డాబా పైన, చెట్టు కింద, పశువుల పాక, బస్ షెల్టర్ పనికిరావు.

• ఫోన్‌లో పిడుగు హెచ్చరికలిచ్చే దామిని యాప్, లొకేషన్ ఆన్‌లో.

• మెరుపుకీ ఉరుముకీ మధ్య సెకన్లను మూడుతో భాగిస్తే దూరం కిలోమీటర్లలో వస్తుంది. 30 సెకన్లలోపు అయితే ఇక బయట ఉండొద్దు. అసలు ఉరుము వినబడిందంటే చాలు, పిడుగు మీ దాకా రాగలదు. ఈ లెక్క నోట్‌బుక్ కోసం, ధైర్యం కోసం కాదు. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగాకే గడప దాటండి.

• వానమాపకాన్ని ముందే ఖాళీ చేసి, గోడకూ చెట్లకూ వాటి ఎత్తుకు రెట్టింపు దూరంలో పెట్టండి. దగ్గరైతే గాలివాటు వాన అందులో పడదు, కొలత తగ్గుతుంది. మధ్యలో చూడ్డానికి వెళ్లొద్దు.

• కెమెరా ట్రైపాడ్ మూసిన కిటికీ లోపలే. ఛార్జర్ ప్లగ్ తీసేసి బ్యాటరీ మీద నడపండి.

• టైమ్ ఫోన్‌లోదే రాయండి, గోడ గడియారంది వద్దు. మొదటి ఉరుము, ఈదురుగాలి వచ్చిన దిక్కు, వాన మొదలు, చివరి ఉరుము. వడగళ్లకు పక్కన స్కేలు పెట్టి ఫోటో, అదీ అరగంట ఆగాకే. ఈలోగా కొంత కరుగుతాయి, ఆ సంగతీ రాయండి.