ఉప్పుగాలిలో బేస్ గిటార్

వైజాగ్‌లో, అదీ బీచ్ రోడ్డు వైపు ఓపెన్ స్టేజీల మీద బేస్ వాయించేవాళ్లు తీగల మీద కాస్త ఎక్కువ ఖర్చు పెట్టినా పర్వాలేదు. ఇక్కడి ఉప్పుగాలికి, చెమటకి మామూలు నికెల్ తీగలు తొందరగా మసకబారతాయి. వేలికి గరుకు తగులుతుంది, మోతలో పదును పోతుంది. పైన సన్నని పూత ఉండే కోటెడ్ తీగలైతే ఎక్కువ రోజులు నిలుస్తాయి. ఏవైనా సరే, ప్రోగ్రాం అవ్వగానే పొడి నూలుగుడ్డను తీగల కిందకి దూర్చి, అడుగు కూడా తుడవండి.

గేజ్, అంటే తీగల మందం (అంగుళంలో వెయ్యోవంతుల లెక్కన), 45–105 చాలామందికి సరిపోతుంది. 34 అంగుళాల స్కేల్ (తీగ మోగే పొడవు) ఉన్న బేస్‌కి, పొట్టి బేస్‌ల కోసం చేసే షార్ట్ స్కేల్ తీగలు కొంటే పొడవు చాలదు, ప్యాకెట్ చూసి తీసుకోండి.

ఇక గిటార్. షాపులో కూర్చుని వాయించి మురిసిపోకండి. బెల్టు వేసుకుని పావుగంట నిలబడండి, బరువు అప్పుడు తెలుస్తుంది. చేయి వదిలితే నెక్ కిందికి వాలిపోతుంటే వద్దు.

యాక్టివ్ బేస్ (లోపలే మోతను సర్దే చిన్న సర్క్యూట్ ఉన్నది) అయితే 9 వోల్టుల బ్యాటరీ ఉంటుంది. కేబుల్ గుచ్చి ఉన్నంతసేపూ అది ఖర్చవుతూనే ఉంటుంది. రిహార్సల్ తర్వాత రాత్రంతా అలాగే వదిలేసి, మర్నాడు రెండో పాటలోనే మూగబోయాను. అప్పటినుంచి సంచిలో ఒక బ్యాటరీ, చిన్న స్క్రూడ్రైవర్ తప్పనిసరి.