ఎరువు మాటల పాఠాలు – 4: చొక్కాకు కాజా, పళ్లెంలో కాజా

పోర్చుగీసు మాటలు ఓడలెక్కి మన తీరానికి ఎలా చేరాయో కిందటి పాఠంలో చూశాం. ఈసారి అసలు చిక్కు దగ్గరికి వద్దాం. ఒకేలా వినిపించే రెండు మాటలు చుట్టాలా, కాదా? చెవినొక్కదాన్నే నమ్ముకుంటే దారి తప్పుతాం.

వేసుకున్న చొక్కాకు గుండీ ఒకటి విప్పి, అది దూరే చీలికను చూడండి. అంచు పీలికలు పోకుండా చుట్టూ దగ్గర దగ్గరగా దారం కుట్టి ఉంటుంది. దర్జీలు దాన్ని కాజా అంటారు. పోర్చుగీసులో కాజా అంటే ఇల్లు. గుండీ దూరే చీలికకూ వాళ్లది అదే మాట. గుండీకి అది ఇల్లన్నమాట! లాటిన్‌లో 'కాసా' అంటే గుడిసె. పోర్చుగీసువాళ్లు రెండు అచ్చుల మధ్య వచ్చే 'స'ను 'జ'కు దగ్గరగా పలుకుతారు. మన మాటలో 'జ' ఉందంటే, అది పుస్తకంలో చదివి తెచ్చుకున్నది కాదు, నోటి నుంచి విని పట్టుకున్నది. ఇలాంటి ఒక్క అక్షరం దొరికితే చాలు, మాట నడిచి వచ్చిన దారి తెలిసిపోతుంది.

మరి తాపేశ్వరం కాజా? దానికీ దీనికీ ఏ చుట్టరికమూ లేదు. సంస్కృత 'ఖాద్యం' ప్రాకృతంలో 'ఖజ్జ' అయింది, ఆ వరసలోనిదే ఖాజా. తినేదని అర్థం. ధ్వని ఒకటే అయినా అర్థాల మధ్య వంతెన కట్టలేకపోతే ఆగి, రెండు మాటల దారులూ విడివిడిగా వెతకాలి.

ఇప్పుడు తిరగేసి చూద్దాం. ఇల్లు కట్టే మేస్త్రి, పాఠం చెప్పే మాస్టారు: వృత్తులు వేరు, పుట్టిల్లు ఒకటే. లాటిన్‌లో 'మాగిస్' అంటే ఎక్కువ, 'మాగిస్తెర్' అంటే పైవాడు. అది పోర్చుగీసులో 'మెస్త్రె' అయి మనకు మేస్త్రిగా అందింది. ఇంగ్లీషులో మాస్టర్ అయి, మన నోట గౌరవం కలుపుకొని మాస్టారు అయింది. మేజిస్ట్రేటూ ఆ కుటుంబంలోనిదే. ముగ్గురూ ఒక పనికి పెద్దలే కాబట్టి ఇక్కడ అర్థాల వంతెన గట్టిగా నిలుస్తుంది. దీని పక్కన పెట్టుకోవాల్సిన మాట ఇంకొకటుంది, నాకు చాలా ఇష్టమైనది: 'మినుస్' అంటే తక్కువ. దానినుంచి వచ్చిన 'మినిస్తెర్' అంటే సేవకుడు. మినిస్టరు అనే మాట అక్కడిదే.

తువ్వాలు, టవల్ కూడా ఇలాంటి జతే. పోర్చుగీసు 'తువాల్య' నుంచి మొదటిది, పాత ఫ్రెంచి నుంచి ఇంగ్లీషు మీదుగా రెండోది వచ్చాయి. అయితే వీటి మూలం లాటిన్ కాదు, కడుక్కోవడాన్ని చెప్పే ఒక పాత జర్మానిక్ మాట.

వచ్చే పాఠానికి అభ్యాసం: బొత్తాము, బటన్ చుట్టాలో కాదో తేల్చండి. పోర్చుగీసులో 'బొతావ్' అంటే పూమొగ్గ కూడా, అక్కడ మొదలుపెట్టండి. అది తేలాక పాద్రీ, ఫాదర్ జతను పట్టుకోండి. ఇందులో ఒక మెలిక ఉంది: ఇంగ్లీషు ఫాదర్ లాటిన్ నుంచి ఎరువు తెచ్చుకున్న మాట కాదు.