గాలిలో ఆక్సిజన్ ఎంతుందో ఇనుప పీచుతో కొలవడం ఎలా?

పర్లాకిమిడి నుంచి రాయగడ దాకా ఏ బడిలో సైన్స్ ప్రదర్శన పెట్టినా "గ్రహాల వాతావరణం" చార్టు ముందు నీళ్ల పళ్లెంలో ఒక కొవ్వొత్తి, దానిమీద బోర్లించిన గ్లాసు తప్పవు. నీళ్లు పైకెక్కగానే "ఆక్సిజన్ 21 శాతం" అని చెప్పేస్తారు. గ్లాసులో ఆక్సిజన్ ఇంకా 16 శాతం దగ్గర ఉండగానే కొవ్వొత్తి ఆరిపోతుంది. నీళ్లెక్కేది ముఖ్యంగా వేడి గాలి చల్లారినందువల్ల. రెండు కొవ్వొత్తులు పెట్టి చూడండి, నీళ్లు ఇంకా పైకొస్తాయి. ఆక్సిజన్ పెరిగిందా మరి?

కొలవాలంటే తుప్పే నమ్మకం. ఇనుము తుప్పు పడుతూ గాలిలోని ఆక్సిజన్‌ని లాగేసుకుంటుంది, ఆ ఖాళీలోకి నీళ్లెక్కుతాయి. 20 సెంటీమీటర్ల పొడవు, రెండున్నర సెంటీమీటర్ల వెడల్పు ఉన్న పరీక్షనాళిక, లోతైన గిన్నె, వెనిగర్, సిరంజి, రెండు రబ్బరు బ్యాండ్లు, థర్మామీటరు, ఒక గ్రాము ఇనుప పీచు చాలు. అంట్లు తోమే స్టీలు పీచు మాత్రం వద్దు, అది తుప్పు పట్టదు. వడ్రంగులు పాలిష్‌కి ముందు రుద్దే సన్న పీచు పెయింట్ల దుకాణంలో దొరుకుతుంది.

పీచుని నిమిషం పాటు వెనిగర్‌లో నానబెడితే పైనున్న నూనె పోతుంది. తర్వాత నీళ్లలో బాగా జాడించి విదిలించండి. వెనిగర్ మిగిలితే ఇనుముతో కలిసి హైడ్రోజన్ పుట్టి, ఎక్కాల్సిన నీళ్లని కిందికి తోస్తుంది. పీచుని విప్పదీసి నాళిక అడుక్కి దూర్చి, నాళికని గిన్నెలోని నీళ్లలో నిలువుగా బోర్లించండి. లోపలి నీటిమట్టం దగ్గర మొదటి బ్యాండు వెయ్యండి.

పని చెడేది ఉష్ణోగ్రత దగ్గరే. మూడు డిగ్రీలు మారితే గాలి ఘనపరిమాణం దాదాపు ఒక శాతం మారుతుంది. కోరాపుట్ వైపు డిసెంబరులో మధ్యాహ్నం బోర్లించి తెల్లవారుజామున చూస్తే, చల్లబడిన గాలి కుంచించుకుపోయి ఆక్సిజన్ లెక్క మూడు నాలుగు శాతం పెరిగిపోతుంది. అందుకని నీళ్లు, నాళిక, పీచు అన్నీ గంట ముందే ఒకే గదిలో పెట్టండి. కిటికీ పక్కన, ఫ్యాన్ కింద వద్దు. నాళికని చేత్తో కాక గుడ్డతో పట్టుకోండి, అరచేతి వేడే చాలు లెక్క తప్పడానికి. సరిగ్గా 24 గంటల తర్వాత, గది మళ్లీ అదే ఉష్ణోగ్రతలో ఉన్నప్పుడే రెండో బ్యాండు వెయ్యండి. లోపలా బయటా నీటిమట్టాలు సమం చేయడానికి తంటాలు పడతారు గానీ, నాలుగు సెంటీమీటర్ల తేడా వల్ల వచ్చే తప్పు అర శాతం లోపే.

స్కేలుతో కొలవకండి, నాళిక అడుగు గుండ్రం. పీచు తీసేసి, ఒక్కో బ్యాండు దాకా సిరంజితో నీళ్లు పోసి లెక్కపెట్టండి. మొదటిది 90 మిల్లీలీటర్లు, రెండోది 72 అయితే తగ్గిన 18ని 90తో భాగించాలి: 20 శాతం. దీన్ని చార్టు మీద 21గా దిద్దొద్దు. 30 డిగ్రీల దగ్గర తడి గాలిలో నాలుగు శాతం దాకా నీటి ఆవిరే ఉంటుంది. నాళికలో గాలి తడిసే కొద్దీ చేరే ఆవిరి కొంత చోటు తీసుకుంటుంది, కాబట్టి 21 కన్నా కాస్త తక్కువ రావచ్చు.

నాళికలో మిగిలింది దాదాపు అంతా నైట్రోజన్, సుమారు ఒక శాతం ఆర్గాన్. అంగారకుడి గాలికి ఈ పద్ధతి పనికిరాదు. అక్కడ ఆక్సిజన్ 0.2 శాతం కూడా లేదు, 95 శాతం కార్బన్ డయాక్సైడే. అది నీళ్లలో కరిగిపోయి, తుప్పుతో పని లేకుండానే మట్టం పైకెక్కుతుంది.