పొరుగువాణ్ణి ప్రేమించడం: లేవీయకాండం 19తో మొదలుపెట్టండి

మా సంఘంలో లెక్కలు రాసేది నేనే. అందుకేనేమో, "నిన్నువలె నీ పొరుగువానిని ప్రేమింపవలెను" అనగానే నా ఆలోచన ముందు బాకీల మీదికి పోతుంది. ప్రధానమైన ఆజ్ఞ ఏదని ఒక శాస్త్రి, అంటే ధర్మశాస్త్రం తెలిసిన పండితుడు, అడిగితే (మార్కు 12) ప్రభువైన యేసు బైబిల్ పాత నిబంధనలోంచి రెండు చెప్పారు. దేవుణ్ణి ప్రేమించమన్నది ద్వితీయోపదేశకాండం 6:5, పొరుగువాణ్ణి ప్రేమించమన్నది లేవీయకాండం 19:18. ఈ రెండోదాన్ని అందరం కంఠతా పడతాం కానీ, దానికి పైనున్న తొమ్మిది వచనాల జోలికి పోము. చేయాల్సిన పనంతా అక్కడే ఉంది.

ముందు 9 నుంచి 18 వరకు పైకి చదవండి. బీదలకు, పరదేశులకు పొలం అంచు వదిలేయడం, అబద్ధం, కూలి, గుడ్డివాడి దారి, తీర్పులో పక్షపాతం, కొండేలు, పగ. చదువుతుంటే ఎక్కడో ఒకచోట గొంతు తడబడుతుంది. ఆ వచనంతోనే మొదలుపెట్టండి.

ఎక్కడా తడబడకపోతే 13వ వచనం పట్టుకోండి. కూలివాడి కూలి తెల్లారేదాకా మీ దగ్గర ఉంచుకోకూడదు. ఇంట్లో పనిచేసే ఆవిడకో, కుళాయి బాగుచేసినతనికో ఇవ్వాల్సింది ఉంటే ఈ రాత్రే ఇచ్చేయండి. చిల్లర లేదనడం, రేపు కనబడమనడం మనకు తేలికే, వాళ్లకు ఆ పూట గడవాలి. కానుక వేసేది ఆ తర్వాత.

16వ వచనం కొండేల గురించి. మన విశ్వాసుల్లో కొండేలు ఎక్కువగా ప్రార్థన అంశాల రూపంలోనే తిరుగుతాయి. "ఫలానా వాళ్ల కోసం ప్రార్థించండి, అసలేం జరిగిందంటే..." అని మొదలైందంటే ఇక ఆగదు. నా పద్ధతి ఇది: అవతలివాళ్లను అడగకుండా గ్రూపులో పెట్టను, పెట్టినా పేరు, అవసరం వరకే. ఎవరైనా వివరాలడిగితే "వాళ్లనే పలకరించండి" అంటాను. కొందరికి నచ్చదు, నచ్చకపోనీండి.

17 అన్నిటికన్నా కష్టం. మనసులో పగ పెట్టుకోవద్దు, తప్పు ఉంటే చెప్పు అంటుంది. మనం చేసేది దానికి సరిగ్గా తలకిందులు: నవ్వుతూ వందనాలు చెప్తాం, లోపల ఉడుకుతుంటాం. ఒంటరిగా కలవండి, మత్తయి 18:15 కూడా అదే చెప్తుంది. ఒక్క విషయమే ఎత్తండి, పాత చిట్టా విప్పొద్దు. చెప్పేశాక వాళ్ల మాట పూర్తయ్యేదాకా ఆగండి.

రోగినో, వృద్ధులనో చూసుకునేవాళ్లకు ఇక్కడ ఒక టెన్షన్ ఉంటుంది: ఎంతవరకు చేయాలి? లూకా 10లో యేసు చెప్పిన కథలో, దొంగలు కొట్టి దారిలో వదిలేసిన మనిషికి ఒక సమరయుడు గాయాలు కట్టాడు, తన పశువు మీద ఎక్కించి పూటకూళ్ల ఇంటికి తీసుకెళ్లాడు, అక్కడ దగ్గరుండి చూసుకున్నాడు. మర్నాడు పూటకూళ్లవాడికి రెండు దేనారాలిచ్చాడు. మత్తయి 20 లెక్కన దేనారం అంటే ఒక రోజు కూలి. ఇంకా ఖర్చయితే తిరిగొచ్చేటప్పుడు ఇస్తానని మాటిచ్చి తన దారిన వెళ్లాడు. అంతా ఒక్కడే మోయలేదు, అలాగని వదిలేయనూ లేదు. మీరూ సాయానికి మనిషిని పెట్టుకోండి, జీతం సరిగ్గా ఇవ్వండి, మధ్యమధ్యలో వెళ్లి చూడండి.

మరి దేవుణ్ణి ప్రేమించడం? దానికి వేళలు ద్వితీయోపదేశకాండమే చెప్పింది: ఇంట్లో కూర్చున్నప్పుడు, దారిలో నడిచేటప్పుడు, పడుకునేటప్పుడు, లేచేటప్పుడు. నాలుగూ కుదరకపోతే పడుకునే వేళ పట్టుకోండి. ఆ రోజు ఎదురుపడినవాళ్లను పేరుపేరునా ఆయన ముందు తలచుకోండి. ఒక పేరు దగ్గర నోరు పెగలకపోతే మళ్లీ 17వ వచనానికి వెళ్లాలన్నమాట.

లేవీయకాండం 19లోనే 34వ వచనాన్ని కూడా వదలొద్దు, మీ మధ్య ఉన్న పరదేశిని కూడా మీలాగే ప్రేమించమంటుంది. ఆరాధన అయ్యాక వెనక వరుసలో ఒంటరిగా నిలబడ్డ కొత్తవాళ్లతో మొదలుపెట్టొచ్చు. పేరు అడిగి రాసుకోండి, వచ్చే వారం ఆ పేరుతోనే పిలవండి.