పాఠకుల రేటింగ్‌తో వ్యాసం నాణ్యత తేల్చడం ఎలా?

ఇద్దరు స్నేహితులు చెరో 5 స్టార్లు ఇస్తే చాలు, ఆ వ్యాసం జాబితాలో అన్నిటికన్నా పైకెక్కి కూర్చుంటుంది. 60 మంది ఓపిగ్గా చదివి సగటున 4.5 ఇచ్చిన వ్యాసం దాని కిందకి పోతుంది. వెబ్ పత్రికలో రేటింగ్ పెట్టగానే ఎదురయ్యే మొదటి చిక్కు ఇదే. లెక్క మార్చితే పోతుంది. అయితే అంతకన్నా ముందు ప్రశ్నను సరిచేయాలి.

ప్రశ్న

“ఈ వ్యాసానికి రేటింగ్ ఇవ్వండి” అని ఊరుకుంటే ఒకరు భాషకు ఇస్తారు, ఇంకొకరు రచయిత మీద అభిమానంతో ఇస్తారు, మరొకరు ఆ అభిప్రాయం నచ్చక 1 కొడతారు. పైగా మనకు మొహమాటం ఎక్కువ. తెలిసినవాళ్ల రచనకు 3 ఇవ్వడానికి చెయ్యి రాదు. అందుకే రచనను బట్టి సూటిగా అడగండి. వంట వ్యాసానికి “ఇది చదివి వండగలరా?”, సమాచార వ్యాసానికి “మీరు వెతికింది దొరికిందా?”, కథకు “చివరిదాకా చదివించిందా?”. ఒక్క ప్రశ్న చాలు. ఇంగ్లిష్ వికీపీడియాలో 2010లో ప్రయోగంగా ఆధారాలు, తటస్థత, సంపూర్ణత, చదవడానికి వీలు అని నాలుగింటికి విడివిడిగా స్టార్లు అడిగారు. ఆ ఏర్పాటు నిలవలేదు, తర్వాత తీసేశారు.

స్టార్లా, అవును–కాదా?

పాఠకులు తక్కువగా ఉంటే అవును–కాదు మేలు. ఓట్లలో చాలా భాగం 5 స్టార్లే ఉంటున్నాయని గమనించి యూట్యూబ్ 2010లో బొటనవేలి గుర్తుకు మారింది. 2017లో నెట్‌ఫ్లిక్స్ కూడా అదే దారి పట్టింది. స్టార్లే కావాలంటే ప్రతి స్టారు పక్కన మాట రాయండి: 3 అంటే “పనికొచ్చింది, కొన్నిచోట్ల అర్థం కాలేదు”, 5 అంటే “ఇంకొకరికి పంపిస్తాను”. ఆ మాటలు లేకపోతే ఒకరి 3, ఇంకొకరి 3 ఒకటి కావు.

లెక్క

వట్టి సగటును నమ్మవద్దు. ప్రతి వ్యాసానికీ ముందే 10 ఉత్తుత్తి ఓట్లు పడ్డాయనుకోండి. వాటి విలువ మీ పత్రిక మొత్తం సగటు, ఉదాహరణకు 3.8. వాటిని అసలు ఓట్లతో కలిపి భాగించాలి.

రెండే ఓట్లు, రెండూ 5: (10×3.8 + 2×5) ÷ 12 = 4.0
60 ఓట్లు, సగటు 4.5: (10×3.8 + 60×4.5) ÷ 70 = 4.4

చూశారుగా, క్రమం దానంతటదే సర్దుకుంది. ఉత్తుత్తి ఓట్లు 10 అనే ఆ అంకెను జాగ్రత్తగా ఎంచుకోవాలి. మీ వ్యాసాలకు మామూలుగా అయిదారు ఓట్లే పడుతుంటే 5 పెట్టండి. అక్కడ 100 పెడితే అన్ని వ్యాసాలూ 3.8 చుట్టూనే అతుక్కుపోయి, మంచీ చెడ్డా తేడా కనబడదు. మొత్తం సగటును నెలకోసారి మళ్లీ కట్టండి.

అవును–కాదు ఓట్లకు వేరే లెక్క ఉంది. అమెరికన్ గణిత శాస్త్రవేత్త ఎడ్విన్ విల్సన్ 1927లో ఇచ్చిన సూత్రం అది. వచ్చిన ఓట్లను బట్టి అసలు ఆదరణ కనీసం ఎంత ఉండొచ్చో చెబుతుంది. 95 శాతం నమ్మకంతో చూస్తే, 3కి 3 “అవును” వచ్చిన వ్యాసానికి సుమారు 44 శాతం, 100కి 90 వచ్చినదానికి దాదాపు 83 శాతం వస్తుంది. రెడిట్ అనే చర్చా వేదికలో వ్యాఖ్యలను మంచివి ముందుగా పేర్చడానికి 2009లో దీన్నే తెచ్చారు.

దొంగ ఓట్లు, తొందర ఓట్లు

రేటింగ్ పెట్టెను వ్యాసం చివరే ఉంచండి. పైన ఉంటే శీర్షికకు ఓటు పడుతుంది. 600 పదాల వ్యాసం తెరిచిన 10 సెకన్లకే పడిన ఓటును లెక్కలోకి తీసుకోకండి. ఓటు వేసేదాకా సగటు చూపించకండి, ముందు పడ్డవాటిని చూసి తర్వాతివాళ్లు ఆ దారినే పోతారు. ఒక ఖాతాకు ఒకే ఓటు ఉండాలి, దాన్ని మార్చుకునే వీలూ ఉండాలి. ఇంటర్నెట్ చిరునామాను బట్టి ఆపితే మాత్రం ఒకే వైఫై వాడే హాస్టల్ మొత్తానికి కలిపి ఒక్క ఓటే మిగులుతుంది. వాట్సాప్ గ్రూపులో లింకు పడగానే గంటలో 30 ఓట్లు వచ్చాయంటే, వాటిని కొట్టేయకుండా రెండు రోజులు పక్కన ఉంచండి. మిగతా పాఠకుల ఓట్లతో పోల్చి చూశాక కలపండి.

తక్కువ ఇచ్చినవారిని కారణం అడగాలి. “తప్పు సమాచారం”, “అర్థం కాలేదు”, “విషయం నాకు అక్కర్లేదు” అని మూడు గుర్తులు పెడితే చాలు. మూడోదానికి వ్యాసం నాణ్యతతో పనిలేదు, దాన్ని విడిగా లెక్కపెట్టండి. మొదటిది ఒక్కటి వచ్చినా సంపాదకులు అదే రోజు వ్యాసం తెరిచి చూడాలి. ఎందుకంటే మందు మోతాదో, పథకం గడువో తప్పుగా ఉన్న వ్యాసానికి కూడా భాష బాగుంటే 4.6 రావచ్చు. పాఠకుడికి చదవడం తేలికైందో లేదో తెలుస్తుంది, నిజానిజాలు అన్నిసార్లూ తెలియవు.

మూడు నెలలకోసారి 20 వ్యాసాలు తీసి, రేటింగ్ చూడకుండా ఇద్దరు సంపాదకుల చేత విడివిడిగా వరసలో పెట్టించండి. పాఠకుల వరసతో బాగా తేడా వచ్చిన నాలుగైదింటిని కూర్చుని చదవండి. సంపాదకులిద్దరి వరసలే కలవకపోతే, రేటింగ్‌ను తప్పుపట్టే ముందు మంచి వ్యాసమంటే ఏమిటో ఇద్దరూ రాసుకుని ఒక మాట మీదికి రావాలి.