పెద్దాసుపత్రిలో స్కానింగ్ డేటు: తెచ్చుకోవడం ఎలా? చేజారకుండా చూసుకోవడం ఎలా?

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. శ్రీకాకుళం వెళ్లాలంటే చీకటితోనే బయల్దేరాలి. కొన్నేళ్ల కిందట నాన్నకు కడుపు సీటీ స్కాన్ రాశారు. ఒక ప్రభుత్వాసుపత్రిలో పన్నెండు రోజుల తర్వాత డేటు ఇచ్చారు. ఆ రోజు ఆయన్ని పరగడుపున తీసుకెళ్లి మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టాను. మా వంతు వచ్చాక "క్రియాటినిన్ రిపోర్టు ఏదమ్మా?" అని అడిగారు. అది కావాలని మాకెవరూ చెప్పలేదు. ఇంకో డేటు వేసి పంపేశారు. తిరుగు బస్సులో నాన్న ఒక్క మాటా మాట్లాడలేదు. మెషీన్లు తక్కువ, జనం ఎక్కువ కావడం వల్ల పట్టే ఆలస్యం మన చేతిలో లేదు. కాగితం లేక వెనక్కి రావడాన్ని మాత్రం ఆపుకోగలం. అందుకే ఇది రాస్తున్నాను.

డాక్టరు గదిలోంచి బయటికి రాకముందే

చీటీ అందగానే లేచి వచ్చేయకండి. ఏ భాగానికి స్కాన్, మామూలుదా లేక కాంట్రాస్ట్ మందు (లోపలి భాగాలు స్పష్టంగా కనపడేందుకు ఇచ్చేది) ఎక్కించి తీసేదా, ఎన్నాళ్లలోపు తీయించాలి అని అడగండి. ఏ జబ్బు అనుమానంతో రాస్తున్నారో చీటీ మీద ఉండాలి. స్కాన్ గదిలో ఎవరిని ముందు పిలవాలో చూసేది దాన్నిబట్టే. తొందరగా కావాలని డాక్టరుగారు నోటితో అంటే, "ఆ మాట చీటీ మీద కూడా రాయండి సార్" అని అడగడంలో తప్పేమీ లేదు.

డేటు కోసం

అదే రోజు, అదే పూట స్కానింగ్ విభాగానికి వెళ్లండి. "రేపు చూద్దాం" అని ఇంటికొస్తే మీ పేరు ఇంకా వెనక్కి పోతుంది. డేటు, టైము చీటీ మీద రాయించుకోండి. మీ ఫోన్ నంబరు ఇచ్చి, "ఎవరైనా రాకపోతే మమ్మల్ని పిలుస్తారా?" అని అడగండి. టౌన్లో బంధువుల ఇల్లు ఉన్నవాళ్లకు ఇది బాగా పనికొస్తుంది.

ఇచ్చిన టైముకే పిలుస్తారని మాత్రం అనుకోవద్దు. హైవే మీద యాక్సిడెంట్ జరిగితే ముందు ఆ కేసే లోపలికి వెళ్తుంది. ఆ తర్వాత వార్డుల్లో ఉన్నవాళ్లు, ఓపీ వాళ్లు చివర. సీటీ కొద్ది నిమిషాల్లో అయిపోతుంది కానీ, ఎమ్మారైకి ఒక్కొక్కరికి అరగంట, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. అక్కడ లైను కదలకపోతే సిబ్బంది మీద కోప్పడి లాభం లేదు.

కాంట్రాస్ట్ అంటే క్రియాటినిన్

ఈ ముక్క గుర్తు పెట్టుకోండి. సీటీలో నరంలోకి ఎక్కించే కాంట్రాస్ట్ మందు కిడ్నీల ద్వారా బయటికి పోతుంది. అందుకే కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష ముందే అడుగుతారు. మా ఉద్దానంలో కవిటి, కంచిలి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు ఇంటికొకరు కిడ్నీ బాధితులున్న వీధులున్నాయి. అక్కడివాళ్లు ఎవరూ అడగకపోయినా తామే చెప్పాలి. పరీక్ష ఎన్నాళ్ల లోపలిది కావాలో డేటు తీసుకునేటప్పుడే అడిగి, దగ్గర్లోని ప్రభుత్వ ల్యాబులో చేయించుకోండి. షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడుతున్నా, ఆస్తమా ఉన్నా, ఇంతకుముందు ఏ ఇంజక్షనైనా పడకపోయినా చెప్పండి. మాత్రలు సొంతంగా మానేయకండి. ఎన్ని గంటలు ఏమీ తినకుండా ఉండాలో కూడా అడగండి. షుగరు వాళ్లయితే పొద్దుటి టైము ఇమ్మని కోరండి.

ఎమ్మారై అయితే లోహం

ఎమ్మారై మెషీన్ పెద్ద అయస్కాంతం. అందుకే పేస్‌మేకర్ ఉన్నవాళ్లు, వినపడటం కోసం చెవిలో కాక్లియర్ ఇంప్లాంట్ పెట్టించుకున్నవాళ్లు, విరిగిన ఎముకకు రాడ్డు వేయించుకున్నవాళ్లు ఆ ఆపరేషన్ కాగితాలు తీసుకెళ్లాలి. వెల్డింగ్ పనిలో కంట్లో ఇనుప రవ్వ పడి ఉంటే అది కూడా చెప్పాలి. మట్టెలు, తాయెత్తు, వెండి మొలతాడు ఇంటి దగ్గరే తీసేయండి. ఏళ్ల తరబడి పెట్టుకున్న మట్టెలు అక్కడ హడావిడిలో రావు, సబ్బు నురగతో ముందు రోజే తీయాలి. సూత్రాలు తీయడానికి మనసొప్పని పెద్దవాళ్లకు పసుపుతాడు కట్టి తీసుకెళ్లండి. టెన్షన్ తగ్గుతుంది.

గర్భిణులకు

కడుపులో బిడ్డ అవయవాలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసే టిఫా స్కాన్ 18 నుంచి 22 వారాల మధ్యే తీయాలి. ఐదో నెల వచ్చాక డేటు కోసం తిరిగితే సమయం దాటిపోవచ్చు. నాలుగో నెల చెకప్‌లోనే అడగండి. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులకు ప్రత్యేకంగా ఉచిత పరీక్షలు చేస్తారు, ఆ రోజు అడిగితే సరిపోతుంది. ఆధార్ తీసుకెళ్లండి, ఫారం నింపాలి. ఆడా మగా అని అడగొద్దు. 1994 నాటి లింగ నిర్ధారణ నిషేధ చట్టం ప్రకారం అది నేరం.

డేటు కోసం ఆగకూడని సందర్భాలు

మూతి వంకర పోవడం, ఒక చెయ్యి పడిపోవడం, మాట తడబడటం (పక్షవాతం లక్షణాలు) కనిపిస్తే 108కి ఫోన్ చేసి నేరుగా క్యాజువాలిటీకి వెళ్లండి. మెదడులో రక్తపు గడ్డను కరిగించే ఇంజక్షన్ సాధారణంగా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటలలోపే ఇస్తారు. ఎన్నింటికి మొదలైందో గడియారం చూసి గుర్తు పెట్టుకోండి. తలకు దెబ్బ తగిలి వాంతులు, మగత ఉన్నా అంతే. నడుం నొప్పితో ఎమ్మారై డేటు కోసం చూస్తున్నవాళ్లకు మూత్రం ఆగిపోయినా, కూర్చునే చోట తిమ్మిరెక్కినా, కాళ్లలో బలం తగ్గినా ఆ డేటు సంగతి మర్చిపోయి వెంటనే వెళ్లాలి.

డేటు మరీ దూరమైతే

అప్పు చేసి ప్రైవేటుకు పరుగెత్తే ముందు చీటీ రాసిన డాక్టరు దగ్గరికే తిరిగి వెళ్లండి. "ఫలానా తేదీ ఇచ్చారు సార్, అన్నాళ్లు ఆగొచ్చా?" అని అడగండి. ఆగొచ్చంటే మీ మనసు కుదుటపడుతుంది. ఆగకూడదంటే చీటీ మార్చి రాస్తారు, అడ్మిట్ చేసుకుంటారు, లేదా విశాఖలోని పెద్ద ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌కు రాసిస్తారు. ఆ రిఫరల్ కాగితం లేకుండా బస్సెక్కకండి. ఇవేవీ జరగకపోతే సూపరింటెండెంట్ ఆఫీసులో రాతపూర్వకంగా ఇవ్వండి. కలెక్టరేట్‌లో సోమవారం అర్జీలు తీసుకుంటారు, అక్కడా ఇవ్వొచ్చు.

స్కాన్ అయిన రోజే రిపోర్టు వస్తుందనుకోవద్దు. ఫిల్ము ముందు చేతికొస్తుంది, రేడియాలజిస్టు చూసి రాసే రిపోర్టు తర్వాత వస్తుంది. రిపోర్టు ఎప్పుడిస్తారో, ఆ రోజు మీ డాక్టరుగారి ఓపీ ఉందో లేదో రెండూ కలిపి కనుక్కోండి. రెండూ ఒకే రోజు పడితే ఒక బస్సు ప్రయాణం తప్పుతుంది.